పైకెక్కేటప్పుడే నడిచే బండి

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తిట్టుకో, పడతా. అమ్మ మోకాలు నయం, చెల్లి పరీక్షలు అయిపోయాయి, నాకు అదే ఉద్యోగం. ఇక అసలు సంగతి, చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మన అవెంజర్ బైకు పెట్రోలు ట్యాంకు ఎత్తించాను! వెనక్కి జారి కూలబడిన గేదెలా ఉందని ఏడిపించేవాడివిగా. ఆటోనగర్ లేత్ షాపు బాబాయి 40 మిల్లీమీటర్ల అల్యూమినియం బుష్, అంటే ఎత్తుకి పెట్టే గొట్టం ముక్క, తిప్పిచ్చాడు. దాన్ని ట్యాంకు వెనక బోల్టు కింద పెట్టి, పొడుగు బోల్టు వేసి బిగించాం. పెట్రోలు పైపు చాలక కొత్తది తెచ్చాం. కింద సందులోంచి వైర్లు వేలాడుతున్నాయనుకో, అయినా ఆ సాయంత్రం చేతిలో టీ చల్లారేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నా.

ఆదివారం కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కా. ఎక్కడం సింహంలా ఎక్కింది. దిగుతుంటే రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. రిజర్వ్‌లో పెట్టా. ఊహూ. మూత తీసి ఊపితే లోపల గలగలమంటూ మూడు లీటర్లుంది! అప్పుడు వెలిగింది బుర్ర. పెట్రోలు ట్యాపు ఉన్నది వెనక మూల. నేను ఎత్తింది ఆ వెనకనే. పెట్రోలంతా ముందుకి పోయి కాపురం పెట్టేసింది. ఇంటర్ ల్యాబ్‌లో పిపెట్ సంగతి గుర్తొచ్చిందా? నోర్ముయ్.

ఇంతలో కానిస్టేబుల్. నేను ఇండికేటర్ వేసుకుని నిలబడ్డా కదా. అన్నట్టు అవీ మార్చాను, ఎల్‌ఈడీలు. ముందువి ఫోర్కు మీంచి తీసి అద్దాల కిందకి, వెనకవి నంబరు ప్లేటు పక్కకి. ఇండికేటర్లని వెలిగించి ఆర్పే పాత రిలేకి 10 వాట్ల బల్బులు అలవాటు. ఈ చిన్నవి అంత కరెంటు లాగకపోయేసరికి బల్బు పోయిందనుకుని టకటకా కొట్టేస్తోంది. పైగా వెనక వైర్లు తారుమారు చేశా. ముందు ఎడమ, వెనక కుడి.

"ఏ పక్కకి పోదామని బాబూ?" అన్నాడాయన.

తర్వాత మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అన్నాడు, కంపెనీ ఇచ్చినదాన్ని మారిస్తే ఒక్కో మార్పుకి 5,000 అన్నాడు, వేళ్లు మడవడం మొదలెట్టాడు. మూడో వేలు దగ్గర నా మొహం చూసి జాలేసినట్టుంది. "ముందు చక్రం ఫుట్‌పాత్ మీదికెక్కించు. ఇప్పుడు ఎడమకి వంచు, ఇంకా వంచు." చేతక్ స్కూటర్ నడిపిన చెయ్యిరా అది! సెల్ఫ్ కొట్టగానే అందుకుంది.

ఇంటిదాకా అదే వరస. కిలోమీటరు పోవడం, ఆగిపోవడం, ఎత్తుగా ఏదైనా అరుగు దొరుకుతుందా అని వెతుక్కోవడం. ఒక ఇంటి ముందు ముగ్గు కూడా తొక్కేశా, ఆవిడ తిట్టిన తిట్లు ఉత్తరంలో రాయలేను.

ఇప్పుడు బుష్‌ని 15కి కోయించా. ఎల్‌ఈడీలకి సరిపోయే రిలే వేశా, వైర్లు సరిచేశా. ట్యాంకు మీది పెట్రోలు ముల్లు మాత్రం ఇంకా అబద్ధాలే చెబుతోంది, లోపలి బెండు ఏ కోణంలో తేలుతోందో మరి. నువ్వు సంక్రాంతికి వస్తే ఇద్దరం విప్పి... ఉండు, గ్యాస్ బండ వచ్చింది, ఓటీపీ అంటున్నాడు. ఆ పిపెట్ సంగతి మాత్రం మీ ఆవిడకి చెప్పకు.