ట్యాంకు కట్టారు, ఊటను వదిలేశారు: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

విశాఖ మన్యంలోని అనంతగిరి కొండల మీది మా ఊరి తరఫున నమస్కరించి రాసుకుంటున్నాను.

ఎండాకాలంలో మా ఊరికి తాగునీళ్లు ఉండడం లేదని ఇప్పటికి మూడు అర్జీలు పెట్టుకున్నాం. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండోది పరిశీలనలో ఉందన్నారు. మూడోదానికి, మీ ఊళ్లో ఇంటింటికీ కుళాయి ఇచ్చేశాం కాబట్టి సమస్య పరిష్కారమైంది అని జవాబొచ్చింది. ఆ కాగితం మా ఇంట్లో ఉంది. కుళాయీ ఇంటి ముందే ఉంది. సంక్రాంతి వెళ్లిన నెలకి అందులో నీళ్లుండవు.

ట్యాంకు బాగానే కట్టారు, ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది. పైపులూ గట్టివే. మనిషికి రోజుకి 55 లీటర్లని లెక్కా వేశారు. కానీ ఆ ట్యాంకులోకి నీళ్లు మోటారుతో రావు, పైన కొండలో ఉన్న ఊట నుంచి వాలున దిగి రావాలి. మా ఊరి అంచనాల్లో ట్యాంకుకి డబ్బుంది, పైపుకి ఉంది, కుళాయికి ఉంది. ఊటకి మాత్రం ఒక్క రూపాయి లేదు.

మార్చి వచ్చిందంటే మా ఆడవాళ్లు చీకటితోనే గెడ్డలోకి, అంటే కొండవాగులోకి, దిగుతారు. ఇసకలో చెలమ తవ్వి, ఊరిన నీటిని కొబ్బరి చిప్పతో తోడి, పాత చీరముక్కలో వడగట్టి బిందెలో పోస్తారు. మూడు చిప్పలు తోడేసరికి అడుగు బురద పైకొస్తుంది. తేరుకునే దాకా కూర్చోవాలి. పోయిన వేసవిలో మా అమ్మతో వెళ్లి నేనూ కూర్చున్నాను. ఒక్క బిందెకి ముప్పావు గంట పట్టింది. మా వెనక పదకొండు బిందెలున్నాయి. మోకాళ్లు పట్టేసి లేవలేక అమ్మ బిందె నా చేతికిచ్చి, "నా పెళ్లప్పుడు ఈ గెడ్డ దాటడానికి మీ నాన్న చెయ్యి పట్టుకోవాల్సొచ్చిందిరా" అంది. ఆమె పెళ్లి జరిగింది వైశాఖంలో, మంత్రి గారూ.

వానలు తగ్గాయని ఇంజనీరు గారు ఒక్క ముక్కలో తేల్చేశారు. వానలు అటూ ఇటూ అవుతున్న మాట నిజమే. అయితే పక్క గూడెం మీద పడేదీ అదే వాన కదా! వాళ్ల ఊట మే నెలలోనూ సన్నగా పారుతోంది. దాని పైన అమ్మవారి తోపు ఉంది. మద్ది, నేరేడు, పనస, వాటి కింద తుప్పలు, అడ్డతీగలు. అందులో కొమ్మ విరవడానికి కూడా ఎవరూ సాహసించరు. మా ఊట పైనా ఒకప్పుడు అలాంటి అడవే ఉండేది. కొంత మేమే పోడుకి కొట్టాం, అది దాచను. మిగిలింది నరికించి వరసలుగా జామాయిల్ నాటించారు.

పక్క గూడెం అమ్మవారి తోపులో నేలని చేత్తో తవ్వి చూడండి. కుళ్లిన ఆకుతో నల్లగా, మెత్తగా ఉంటుంది. గుప్పెడు తీసి పిండితే అరచెయ్యి తడుస్తుంది. అక్కడ వాన నేరుగా నేలని కొట్టదు. ఆకు మీద, తుప్ప మీద, చెత్త మీద పడి నెమ్మదిగా దిగి, వేర్ల సందులూ చెదల బొరియలూ పట్టుకుని ఇంకుతుంది. ఖొండలైటు అనే మా కొండరాయి పైన మెత్తబడిన మట్టి, ఆ రాతి పగుళ్లు, ఇవే మాకున్న చెరువు. జూన్ నుంచి అక్టోబరు దాకా నింపుకున్న నీటిని అది మళ్లీ వానలొచ్చే దాకా కొంచెం కొంచెంగా వదలాలి. బోడి కొండ మీద పడిన వాన గంటలో గెడ్డలోకి దూకి, మట్టిని కూడా ఈడ్చుకుపోతుంది.

జామాయిల్ సంగతి వేరు. దూరం నుంచి చూస్తే అడవిలాగే పచ్చగా ఉంటుంది. కానీ ఏడాది పొడవునా ఆకు నిలుపుకుని వేగంగా ఎదిగే చెట్టు అది, ఎండల్లో కూడా లోతు నుంచి నీరు లాగేస్తుంది. ఇది మా ఊహ కాదు. ఊటీలోని కేంద్ర ప్రభుత్వ నేల, నీటి పరిశోధన కేంద్రం వాళ్లు గడ్డి కొండల మీద ఈ జాతి చెట్లే నాటి ఏళ్ల తరబడి కొలిచారు. మొదటి పదేళ్లలో వాగులోకి వచ్చే నీరు 16 శాతం తగ్గింది. నరికాక మోళ్లు చిగిర్చి పెరిగిన రెండో విడతలో దాదాపు 25 శాతం తగ్గింది. అందుకే, మొక్కలు నాటించాం కదా అని మాకు చెప్పకండి దయచేసి. ఏ మొక్క నాటారు, ఊటకి ఎంత దూరంలో నాటారు అన్నది చూడండి.

బోరు వేయిస్తామని ఇప్పుడు కొత్త మాట. రిగ్గు ఎక్కడానికి మాకు రోడ్డే లేదు. ఉన్నా, ఆ పగుళ్లలో నీరు నిండకపోతే బోరులోకి ఎక్కడి నుంచి వస్తుంది?

సిక్కింలో 2008 నుంచి ధారా వికాస్ పేరుతో ఊటల పైన కందకాలు తవ్వించి, చెట్లు పెంచి, ఎండిన ధారల్ని మళ్లీ పారించుకున్నారు. మాకూ ఉపాధి హామీ పని ఉంది, పార పట్టే చేతులున్నాయి. ఆ పని ఊట పైన చేయించమంటే, అది వేరే శాఖ భూమి, కుదరదంటారు. 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ నీటి వనరులనీ, వాటి పరీవాహక ప్రాంతాన్నీ కాపాడే అధికారం గ్రామసభకి ఇచ్చింది. మా గ్రామసభ తీర్మానం చేసి పంపింది. దానికీ జవాబు లేదు.

ఈ కొండల్లో పుట్టిన గోస్తనీ నీళ్లే తాటిపూడి జలాశయం చేరి విశాఖకి వెళ్తున్నాయి. మా బాధ మా ఒక్కళ్లదే అనిపిస్తే, కనీసం ఆ కుళాయిల గురించైనా ఆలోచించండి.

మేం కొత్త ట్యాంకు అడగడం లేదు. ఊట చుట్టూ ఉన్న జామాయిల్ తీయించండి. నర్సరీ నుంచి మాకు మద్ది, నేరేడు, పనస, వెదురు మొక్కలు ఇప్పించండి. అవి ఎదిగే దాకా పశువుల్ని అటు పోనివ్వం, ఆ పూచీ మాది. రెండు శాఖల అధికారుల్నీ ఒకేరోజు ఆ ఊట దగ్గరికి పంపండి, ఒకరి మీద ఒకరు చెప్పుకోకుండా.

వీలైతే మీరే రండి. వానల్లో వద్దు, ఏప్రిల్లో రండి. జీపు ఆగిన చోటి నుంచి గంట నడక. దారిలో దాహమేస్తే మా అమ్మ తెచ్చిన బిందెలో నీళ్లే ఇస్తాం, ఆ రోజుకి మా దగ్గర ఉండేవి అవే.

ఇట్లు,
అనంతగిరి కొండల మీది ఓ గ్రామస్థుడు