నెమ్ము తగ్గినా చుక్కలు ఆపకు

చిన్నీ,

ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే సగం మాటలు నాకు అందలేదు, నేను చెప్పింది నీకూ అంది ఉండదు. అందుకే రాస్తున్నా, బాబు పడుకున్నప్పుడు తీరిగ్గా చదువుకో.

న్యుమోనియా అని చేరిస్తే ఇప్పుడు రికెట్స్, అదే ఎముకలు మెత్తబడే జబ్బు, కూడా ఉందంటున్నారు, ఉన్నది చాలదా అన్నావు. అవి రెండు జబ్బులు అనుకోకు, ఒకదాన్ని పట్టుకుని రెండోది వచ్చింది. పిల్లల వార్డులో నర్సుగా ఉన్నన్నాళ్లూ నేను ఈ రెంటినీ ఒకే మంచం మీద చూశాను. నెమ్ము కోసం ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, అందులో పక్కటెముకల చివర్లు ఉబ్బినట్టు కనిపిస్తే మణికట్టు ఎక్స్‌రే కూడా రాస్తారు. మీ డాక్టరమ్మ చేసింది అదే. "దగ్గుతో వస్తే చేతికి ఎక్స్‌రే ఏంటి" అని అల్లుడు విసుక్కున్నాడట, ఆవిడ అది తీయించకపోయి ఉంటే నేను విసుక్కునేదాన్ని.

వాడు నిద్రపోతున్నప్పుడు మణికట్టు పట్టుకుని చూడు. సన్నగా ఉండాల్సిన చోట వెడల్పుగా, రెండు కణుపులున్నట్టు తగులుతుంది. తర్వాత రొమ్ము ఎముకకి రెండు పక్కలా పైనుంచి కిందకి వేలితో మెల్లగా నిమురు, పక్కటెముక మృదులాస్థితో, అంటే మెత్తటి ఎముకతో, కలిసే ప్రతిచోటా చిన్న బుడిపె ఉంటుంది. పసిపిల్లల ఎముక పెరిగేది చివర్ల దగ్గరే, అక్కడ ముందు మెత్తగా తయారై, తర్వాత కాల్షియం, ఫాస్ఫరస్ చేరి గట్టిపడాలి. విటమిన్ డి చాలకపోతే పేగుల్లోంచి కాల్షియం సరిగా ఒంటికి పట్టదు, ఆ చివర గట్టిపడకుండా అలాగే పక్కలకి పెరుగుతుంది. పది నెలలొచ్చినా పళ్లు రాలేదని, మాడు ఇంకా పెద్దగానే ఉందని నువ్వు అనుకుంటున్నావు చూడు, అవీ ఇందులో భాగమే అయ్యుండొచ్చు.

ఇక ఊపిరి సంగతి. మనం గాలి పీల్చినప్పుడు పక్కటెముకలు గట్టిగా నిలబడితేనే లోపల ఊపిరితిత్తులు సాగుతాయి. వాడి ఎముకలు తడిసిన అట్టలా ఉన్నాయి, పీల్చిన ప్రతిసారీ అవే లోపలికి పోతున్నాయి. వాడు అంతగా డొక్కలు ఎగరేయడానికి నెమ్ము ఒక్కటే కారణం కాదన్నమాట. పైగా విటమిన్ డి తక్కువైతే కండరాలూ నీరసపడతాయి, గట్టిగా దగ్గలేడు, కఫం లోపలే ఉండిపోతుంది. సూక్ష్మక్రిములతో పోరాడే తెల్లకణాలకి కూడా ఈ విటమిన్ కావాలి. 1997లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఇథియోపియాలో అయిదేళ్లలోపు పిల్లల్ని పరీక్షించి చూస్తే, న్యుమోనియాతో వచ్చినవాళ్లలో నూటికి 42 మందికి రికెట్స్ ఉంది, న్యుమోనియా లేని పిల్లల్లో నూటికి నలుగురికే.

అలాగని విటమిన్ డి చుక్కలు ఎక్కువేస్తే నెమ్ము త్వరగా తగ్గుతుందని మాత్రం అనుకోకు! నెమ్ముకి యాంటీబయాటిక్, ఆక్సిజన్, అంతే. 2012లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, కాబూల్‌లో చంటిపిల్లలకి మూడు నెలలకోసారి లక్ష యూనిట్ల విటమిన్ డి వేసి చూసినా న్యుమోనియా రావడం తగ్గలేదు. చుక్కలు ఎముకల కోసం, ఎముకలు గట్టిపడితే ఛాతీ దారికొస్తుంది, అది నెలల పని.

నా భయమల్లా అక్కడే. జ్వరం తగ్గి, దగ్గు తగ్గి ఇంటికి తెచ్చుకున్నాక యాంటీబయాటిక్ సీసాతో పాటు ఈ చుక్కల సీసా కూడా పక్కన పెట్టేసినవాళ్లని చాలామందిని చూశాను. ఏడాదిలోపు పిల్లలకి ఈ జబ్బుకి మామూలుగా రోజుకి 2000 యూనిట్ల విటమిన్ డి, కనీసం 3 నెలలు, దాంతో పాటు కాల్షియం ఇస్తారు. మీ డాక్టరమ్మ రాసిన మోతాదే ఇవ్వు, నా మాట విని మార్చకు. అయితే సీసాలన్నీ ఒకటి కాదు, ఒకదాంట్లో ఎంఎల్‌కి 400 యూనిట్లుంటే ఇంకోదాంట్లో 800 ఉంటాయి, కొత్త సీసా కొన్నప్పుడల్లా లేబుల్ చూసుకోవాలి. ఎక్కువైతే వాంతులు, మలబద్ధకం, అదేపనిగా ఉచ్చ పోయడం, కిడ్నీల మీద కూడా పడుతుంది. ఎండ మంచిదే గానీ గాజు కిటికీ వెనక కూర్చోబెడితే లాభం లేదు, కావలసిన కిరణాలు అద్దం దాటి రావు.

పాలిచ్చాను కదా, ఇంకేం తక్కువ చేశాను అని అడిగావు. నువ్వేమీ తక్కువ చేయలేదమ్మా. తల్లిపాలల్లో దాదాపు అన్నీ ఉంటాయి, ఈ విటమిన్ మాత్రం బాగా తక్కువ, అందుకే మొదటి ఏడాదంతా రోజుకి 400 యూనిట్లు విడిగా వేయమంటారు. అవి ఎవరో ఒకరు రాసివ్వాలి, నీకు కలలోకి రావు.

ఎత్తుకునేటప్పుడు చేతులు పట్టి లాగొద్దు. డైపర్ మార్చేటప్పుడు రెండు మడమలు పట్టి పైకెత్తుతావు చూడు, అది మానేసి నడుము కింద చెయ్యి పెట్టి లేపు. కఫం కదలడానికని ఎవరైనా వీపు మీద చరచబోతే ఆపు, ఫిజియోథెరపిస్టుకి రికెట్స్ ఉందని ముందే చెప్పు. నిలబడు నిలబడు అని ఇప్పుడే తొందరపెట్టకండి. కాళ్లు దొడ్డికాళ్లలా వంగి ఉన్నా మందు పడితే చాలామందికి పెరిగేకొద్దీ వాటంతట అవే సర్దుకుంటాయి.

ఒక్క విషయం మాత్రం అశ్రద్ధ చేయొద్దు. వేళ్లు కొంకర్లు పోయినా, ఫిట్స్ వచ్చినా, గాలి లోపలికి పీల్చేటప్పుడు గొంతులో కీచుమన్నా వెంటనే నర్సుని పిలువు, రక్తంలో కాల్షియం పడిపోయిందేమో చూస్తారు.

మూడు నాలుగు వారాలకి మళ్లీ మణికట్టు ఎక్స్‌రే తీస్తే ఎముక చివర తెల్లటి గీత పడాలి, మందు పనిచేస్తోందనడానికి అదే గుర్తు. పడకపోతే టెన్షన్ పడి ఇంకో ఆస్పత్రికి పరిగెత్తకు, కిడ్నీల వల్లో పుట్టుకతోనో వచ్చే రకాలు కొన్ని ఉన్నాయి, వాటికి పరీక్షలు వేరే.

వాడికి ఇస్తున్న సీసా లేబుల్ ఫొటో తీసి పంపు, ఎంఎల్‌కి ఎంతుందో నేనూ ఒకసారి చూస్తాను. నువ్వు ఏమైనా తిను.

అమ్మ