వల కోసినవాడికి వల డబ్బు ఇవ్వండి

అయ్యా,

ప్రపంచ మహాసముద్రాల దినోత్సవం అని సముద్రాల్ని కాపాడే సంస్థల గురించి మీరు వేసిన వ్యాసం చదివాను. గ్రీన్‌పీస్, ఓషన్ కన్జర్వెన్సీ, సీ షెపర్డ్, ఇలా చాలా పేర్లు ఇచ్చారు, ఫొటోలూ బాగున్నాయి. కానీ మా శ్రీకాకుళం జిల్లాలో సోంపేట, కవిటి, గార వైపు సముద్రం ఒడ్డున ఉండేవాళ్లకి కావలసిన ముక్క అందులో దొరకలేదు. ఆ సంస్థలు ఏదైనా సాధించిన చోట ఎలా సాధించాయి, అక్కడి జాలరి చేతిలో ఏం పెట్టాయి అన్నదే ఆ ముక్క. అందుకే ఈ ఉత్తరం.

ముందు మా దగ్గర సంగతి చెప్తాను. జనవరి వచ్చేసరికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి, అవే నెలల్లో చచ్చిన తాబేళ్లు కూడా ఒడ్డుకి కొట్టుకొస్తాయి. తాబేలు చేపలాగా నీళ్లలో ఊపిరి పీల్చలేదు, గాలి కోసం పైకి రావాల్సిందే, బోటు వెనక ఈడ్చుకెళ్లే ట్రాల్ వలలో చిక్కి చాలాసేపు పైకి రాలేకపోతే ఊపిరాడక పోతుంది. 2025 జనవరిలో ఒక్క చెన్నై వైపు తీరంలోనే వెయ్యికి పైగా ఇలా చచ్చి వచ్చాయి. మన దగ్గర వేట నిషేధం ఉంది కదా అనొచ్చు. అది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలం చూసి పెట్టింది. తాబేళ్లు ఎక్కువగా వచ్చేది దానికి ముందు, వేట జోరు మీద ఉన్నప్పుడు.

ప్రతి ఏడూ మీ పత్రికలో రెండు రకాల ఫొటోలు వస్తాయి. చచ్చిన తాబేలు ఫొటో ఒకటి, తర్వాత కొన్నాళ్లకి పెద్దలు వచ్చి తాబేలు పిల్లల్ని నీళ్లలోకి వదులుతున్న ఫొటో ఇంకొకటి. పిల్లల్ని వదలడం మంచి పనే, నేను కాదనను. అటవీ శాఖ, చెన్నైకి చెందిన ట్రీ ఫౌండేషన్ లాంటివాళ్లు రాత్రిళ్లు తీరం వెంట మనుషుల్ని తిప్పి, కుక్కలూ నక్కలూ తవ్వకముందే గుడ్లు తెచ్చి పొదిగించకపోతే ఆ పిల్లలూ ఉండవు. కానీ వెయ్యి పిల్లల్లో పెరిగి పెద్దయ్యేది ఒకటో రెండో అంటారు. అలా బతికి, ఏళ్ల తరబడి పెరిగి, విడతకి వంద గుడ్ల దాకా పెట్టే ఆడ తాబేలు వలలో చచ్చిపోతుంటే ఒడ్డున ఎన్ని పిల్లల్ని వదిలితే ఆ లోటు పూడుతుంది? ఇక్కడ అసలు విషయం వల, దాని గురించే ఎవరూ మాట్లాడరు.

శ్రీకూర్మం ఉన్న జిల్లా ఇది. కావాలని తాబేలుని చంపే జాలరిని నేనైతే ఎరగను. వల లాగేసరికి తాబేలు ఇంకా బతికే ఉందనుకోండి, మెడకీ రెక్కలకీ నైలాన్ తాళ్లు బిగుసుకుని ఉంటాయి, వదలాలంటే వల కోయాలి. ఆ వల చాలామంది అప్పు చేసి కొన్నది. కోసిన వలతో మర్నాడు వేట లేదు. తాబేలుని చంపితే కేసు అని బోర్డు పెట్టడం సులువే, 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉందని చెప్పడమూ సులువే, కానీ నడిసముద్రంలో చేతిలో కత్తి పట్టుకుని నిలబడ్డ మనిషికి ఆ బోర్డు ఏం చెప్తుంది?

దీనికి జవాబు గుజరాత్‌లో దొరికింది, అదీ వెరావల్ తీరంలో! మన మత్స్యకార గ్రామాల్లో వెరావల్ అంటే తెలియనివాళ్లు ఉండరు, ఇక్కడ గిట్టుబాటు కాక బోట్ల మీద కలాసీలుగా ఎంతమంది అక్కడికి పోతారో మీకూ తెలుసు. 2018లో అక్కడి బోట్ల మీద వేటకి వెళ్లి పాకిస్తాన్ జైల్లో పడ్డ మనవాళ్ల కష్టం మీ పత్రికలోనే చదివాం. ఆ వెరావల్ వైపు ఒకప్పుడు వేల్ షార్క్‌ని, అంటే ప్రపంచంలోకెల్లా పెద్ద చేపని, కాలేయం నూనె కోసమూ మాంసం కోసమూ కొక్కేలేసి పట్టేవారు. 2001లో ప్రభుత్వం ఆ వేటని నిషేధించింది. నిషేధం ఒక్కటే అయితే కాగితం మీద ఉండిపోయేదేమో. వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా అనే సంస్థ, అటవీ శాఖ, ఒక కంపెనీ కలిసి 2004లో ప్రచారం మొదలుపెట్టి, రామకథ చెప్పే మొరారీ బాపుని అడిగితే ఆయన, ఈ చేప పురుటికి పుట్టింటికి వచ్చే ఆడపిల్ల, ఇంటికొచ్చిన బిడ్డని చంపుకుంటామా అని చెప్పారు. ఆ మాట అక్కడి జాలర్ల గుండెల్లోకి వెళ్లింది.

మాట దగ్గరే ఆగిపోలేదు కాబట్టి అది నిలిచింది. పొరపాటున వలలో పడ్డ చేపని వల కోసి వదిలితే ఆ వలకి ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తుంది. మొదట్లో అధికారులు సముద్రంలోకి వచ్చి చూస్తేనే లెక్క, వాళ్లు వచ్చేదాకా చేప వలలోనే ఉండేది. తర్వాత జాలర్లకే కెమెరాలు ఇచ్చారు, వాళ్లే కోసి, వాళ్లే ఫొటో తీసి చూపిస్తే చాలు. అలా వందల కొద్దీ వేల్ షార్క్‌లు తిరిగి సముద్రంలోకి పోయాయి. దీన్ని చూశాక మహారాష్ట్ర కూడా 2018 చివర్లో తాబేళ్లతో సహా రక్షిత జీవుల కోసం వల కోస్తే 25 వేల రూపాయల వరకు ఇచ్చే పథకం పెట్టింది. ఇవాళ ప్రతి జాలరి చేతిలో ఫోన్ ఉంది, కెమెరా కూడా ఇవ్వక్కర్లేదు. మా చుట్టుపక్కల ఊళ్లలో అడిగి చూశాను, తాబేలు కోసం వల కోసుకుంటే డబ్బు వచ్చిందన్న మనిషి ఒక్కరూ తగల్లేదు.

బయటి దేశాల్లోనూ ఇంతే. బ్రెజిల్‌లో 1980లో టమార్ అని ఒక ప్రాజెక్టు మొదలైంది. తాబేళ్లు ఎక్కడ గుడ్లు పెడతాయో అందరికన్నా బాగా తెలిసింది వాటిని ఏరుకునే ఊరివాళ్లకే అని గ్రహించి, వాళ్లనే జీతాలిచ్చి కాపలా పెట్టుకున్నారు, ఆడవాళ్లకి తాబేలు బొమ్మల చొక్కాలు కుట్టే పని ఇచ్చారు, ఆ అమ్మకాల డబ్బు మళ్లీ ప్రాజెక్టుకే. మన కొంకణంలో వేళాస్ అనే చిన్న పల్లెలో తాబేలు పిల్లల్ని చూడ్డానికి వచ్చేవాళ్లు ఊరివాళ్ల ఇళ్లలోనే దిగుతారు, భోజనం పెట్టినందుకు ఆ ఇంటికి డబ్బు. మా బారువలో అది కుదరదా?

గ్రీన్‌పీస్‌వాళ్లు 1975లో చిన్న పడవల్లో తిమింగలానికీ వేట ఓడకీ మధ్య అడ్డం నిలబడటం, అలాంటి ఒత్తిడి వల్ల అంతర్జాతీయ తిమింగల కమిషన్ 1982లో వ్యాపార వేట ఆపాలని తీర్మానించడం, ఇవన్నీ గొప్ప పనులే, నాకు ఆ ధైర్యం మీద గౌరవం. కానీ తిమింగలాల ఓడ దూరదేశం కంపెనీది, ఇక్కడ పడవ మన పక్కింటి వాడిది. అడ్డం నిలబడే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

ఇంకో విషయం, తెగిపోయిన వలలు. మాల్దీవుల్లో ఆలివ్ రిడ్లేలు గుడ్లు పెట్టడం చాలా అరుదు, అయినా అక్కడి నీళ్లలో కొట్టుకొచ్చే పాత వలల్లో చిక్కి దొరికే తాబేళ్లలో ఎక్కువ అవే. వాటి కోసమే 2013లో ఆలివ్ రిడ్లే ప్రాజెక్ట్ అనే సంస్థ అక్కడ పుట్టింది, రెక్క తెగిన తాబేళ్లకి వైద్యం చేస్తోంది. ఆ వలల్లో ఇండియా, శ్రీలంక వైపు నుంచి కొట్టుకెళ్లేవీ ఉంటాయి. కేరళలో కొల్లం దగ్గర నీండకర జాలర్లు 2017 నుంచి వలలో పడ్డ ప్లాస్టిక్‌ని తిరిగి సముద్రంలో పారేయకుండా ఒడ్డుకి తెస్తున్నారు, దాన్ని ముక్కలు చేసి రోడ్లలో కలుపుతున్నారు. మన దగ్గర చిరిగిన వల ఒడ్డుకి తెస్తే పెట్టే చోటే లేదు. బుడగట్లపాలెం, కళింగపట్నం, భావనపాడు, అటు విజయనగరం జిల్లాలో ముక్కాం, చింతపల్లి, వీటిలో ఒక్కో చోట ఒక షెడ్డు వేసి పాత వలకి కిలోకి ఇంత అని ఇస్తే ఎంత ఖర్చు?

ఒడిశాని చూసి మనమూ నిషేధం పెడదాం అంటారు కొందరు. అక్కడ ధామ్రా, దేవి, రుషికుల్య నదుల ముఖద్వారాల దగ్గర నవంబర్ 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల లోపల వేట బంద్. ఇచ్ఛాపురం దాటితే రుషికుల్య ఎంతో దూరం లేదు, అక్కడ 2023లో ఆరు లక్షలకు పైగా తాబేళ్లు గుడ్లు పెట్టాయి, మన నీళ్లలో బతికిన ప్రతి తాబేలూ అక్కడికి చేరొచ్చు. కానీ ఏడు నెలలు పడవ ఒడ్డునే ఉంటే ఆ ఇల్లు ఎలా గడుస్తుందో ముందు చెప్పకుండా ఆ మాట ఎత్తకండి.

ట్రాలర్ల సంగతి వేరు. తాబేలు తప్పించుకుపోయే దారి ఉండే పరికరాన్ని మన బోట్లకి సరిపడేలా కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారుచేసింది. దాన్ని వాడటం లేదనే 2019 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్యని కొనడం ఆపేసింది. చేప జారిపోతుందని బోటు యజమానుల భయం. ఆ నష్టం ఎంతో మన రేవుల్లోనే వాడి చూపించి, కొన్నాళ్లు భర్తీ చేయండి, తర్వాత తప్పనిసరి చేయండి.

సంపాదకుడు గారూ, మీకు ఒక్క విన్నపం. పడమటి తీరంలో వేట నిషేధం జూన్ 1 నుంచి మొదలవుతుంది కాబట్టి వెరావల్ కలాసీలు ఇప్పుడు మన ఊళ్లలోనే ఉన్నారు, ఆగస్టుకి మళ్లీ వెళ్లిపోతారు. ఈలోగా మీ విలేకరిని పంపి, ఆ పెద్ద చేపకి అక్కడ వల ఎలా కోస్తారో, డబ్బు ఎన్నాళ్లకి వస్తుందో, ఎవరు ఇస్తారో, ఎక్కడ ఇబ్బంది పడ్డారో వాళ్ల నోటితోనే చెప్పించి మొదటి పేజీలో వేయండి. మత్స్య శాఖ, అటవీ శాఖ అధికారుల జవాబు కూడా దాని పక్కనే అడిగి వేయండి, జనవరికి ఇంకా టైమ్ ఉంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బారువ, శ్రీకాకుళం జిల్లా