రోబోలు తర్వాత, ముందు ట్యూబు మీద పేరు చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ల్యాబుల్లో రోబోలు వచ్చేస్తున్నాయి, టెక్నీషియన్ల పని పోద్దా అని మొన్న మీ పేపర్లో చదివేను, టెక్కలిలో పదహారేళ్లుగా నేను చేస్తున్నది ఆ పనే కాబట్టి రెండు ముక్కలు రాస్తున్నాను. పని పోద్దనే భయం నాకైతే లేదు, జపాన్లో కొచ్చి అనే చోట (మన కేరళ కొచ్చి కాదండోయ్) సాసాకి అనే డాక్టరు 1980ల్లోనే ల్యాబులో రక్తం ట్యూబుల్ని బెల్టుల మీద నడిపించేసేడు, అయినా మేం ఇంకా ఉన్నాం.

అమెరికాలో స్లాస్ (SLAS) అని ఒక సొసైటీ ఉంది, రెండు పాత సంఘాలు కలిసి 2010లో అయ్యింది, ల్యాబ్ ఆటోమేషన్ని, అంటే ల్యాబు పనులు మిషన్లతో చేయించడాన్ని, ముందుకి తేవడమే దాని పని. రోబో చేతులు గట్రా వీడియోల్లో బాగానే ఉంటాయి గానీ నాకు నచ్చిందేటంటే ప్లేటు కొలత. ఎలైజా (రక్తంలో యాంటీబాడీల్లాంటివి పట్టే టెస్టు) చేసినోళ్లకి తెలుసు, 96 గుంటల ప్లాస్టిక్ ప్లేటు, దాని అడుగు 127.76 మిల్లీమీటర్లకి 85.48 ఉండాలని స్టాండర్డ్ పెట్టేసేరు, అందుకే ఒక కంపెనీ ప్లేటు ఇంకో కంపెనీ మిషన్లో కూడా కూర్చుంటాది. మన దగ్గరేమో కొందరు మిషన్ ఊరికే ఇచ్చి రీఏజెంట్ (టెస్టుకి వాడే రసాయనం) మా దగ్గరే కొనాలంటారు, ప్రింటరూ సిరా కథే.

ఇక అసలు సంగతి. మాది ఉద్దానం, కవిటి దగ్గర. అక్కడ కిడ్నీ జబ్బులెక్కువ, కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ రక్త టెస్టంటే జ్వరం చూసుకున్నట్టే. ఒక ప్రైవేటు ల్యాబ్‌లో (నేను చేసే చోటు కాదు) మా పెదనాన్నకి 4.8 వచ్చింది, అంటే కిడ్నీలు బాగా దెబ్బతిన్నట్టే, ఇంట్లో వారం రోజులు అన్నం దిగలేదు, డయాలసిస్‌కి పలాసా విశాఖా అని లెక్కలేసుకున్నాం, తీరా ఇంకో చోట చేయిస్తే 1.1, అంటే మామూలే. ఏటైందయ్యా అంటే అదే పేరుతో అదే రోజు ఇంకో ఆయన రక్తం ఇచ్చేడు, మా ఊళ్లలో ఒకే పేరు ఇంటికొకరికి ఉంటాది కదా, పెన్నుతో రాసిన లేబుల్ ఐస్ డబ్బాలో తడిసి సగం చెరిగిపోయింది. మిషన్ మాత్రం ఫుల్లీ ఆటోమేటిక్, దాని తప్పేం లేదు, పక్కోడి రక్తాన్ని కరెక్టుగానే కొలిచింది. 4.8 నిజంగా ఎవరిదో ఆయన 1.1 కాగితం చూసుకుని ఎంత నిశ్చింతగా ఉన్నాడో అని నాకు ఇప్పటికీ ఉంటాది.

అందుకని క్యాంపులు పెట్టేవాళ్లకీ ల్యాబులోళ్లకీ ఒకటే అడుగుతున్నాను, రక్తం తీసిన చోటే, మనిషి ఎదురుగానే, పేరూ ఊరూ తండ్రి పేరూ వయసూ అడిగి బార్‌కోడ్ స్టిక్కర్ అంటించండి. దానికి రోబో అక్కర్లేదు, చిన్న ప్రింటరు చాలు.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా