శిల్పం ఎవరి కోసమో ముందు తేల్చుకోండి

సంపాదకులకు,

‘తేనెటీగల హోటల్’ పేరిట పార్కుల్లో, బడి ఆవరణల్లో చెక్క శిల్పాలు పెడుతున్నారు. ఉద్దేశం మంచిదే గానీ చాలావాటిలో ఒక్క ఈగా కాపురం పెట్టదు. తప్పు ఈగలది కాదు, పనితనానిది. పైన్ కాయలు, గడ్డి, ఇటుక ముక్కలు కుక్కిన అరలు కంటికి ఇంపుగా ఉంటాయి. వాటిలో చేరేవి మాత్రం సాలీళ్లు, చీమలు.

ఈ శిల్పాల్లోకి తుట్టె పెట్టే తేనెటీగలు రావు. ఒంటరిగా గూడు కట్టుకునేవి, ఆకులను గుండ్రంగా కత్తిరించుకుపోయే ఈగల్లాంటివి వస్తాయి. వాటికి కావలసింది వెనక మూసి ఉన్న, నున్నటి, పొడి సొరంగం. మందు పూయని గట్టి దుంగకు బెరడు వైపు నుంచి డ్రిల్ చేయాలి. వలయాలు కనిపించే కోత ముఖం ఎండకు నెర్రెలు విచ్చుతుంది, ఆ సందుల్లోంచి తడీ పరాన్నజీవులూ దూరతాయి. రంధ్రాలు 3 నుంచి 10 మిల్లీమీటర్ల దాకా రకరకాల వెడల్పుల్లో, సుమారు 2 సెంటీమీటర్ల ఎడంతో ఉండాలి. పెద్దవాటికి 12–15 సెంటీమీటర్ల లోతు కావాలి. తల్లి ఈగ ఆడపిల్లలయ్యే గుడ్లను లోపలి చివర, మగవాటిని ద్వారం దగ్గర పెడుతుంది. లోతు తగ్గితే మగవే ఎక్కువ పుడతాయి. అంచున పేళ్లు మిగిలితే రెక్కలు చిరుగుతాయి, కాబట్టి శాండ్‌పేపర్ పట్టాల్సిందే. బొంగులైతే ప్రతి ముక్కకూ ఒక చివర కణుపు ఉండేలా కోయాలి. గాజు, ప్లాస్టిక్ గొట్టాలు వద్దే వద్దు: తేమ బయటికి పోక పిల్లల మేత బూజు పడుతుంది.

శిల్పం గాలికి ఊగకుండా పాతి, ముఖాన్ని ఉదయపు ఎండకు తిప్పి, పైన చూరు దించండి. వాడిన బొంగులను, పిల్లలు బయటికొచ్చేశాక, మార్చకుంటే అది పరాన్నజీవుల పుట్టవుతుంది. అందుకే భారీ శిల్పం ఒక్కటి కంటే దూరదూరంగా చిన్నవి నాలుగు మేలు. దగ్గర్లో స్థానిక పూలమొక్కలు లేకపోతే ఎంత చెక్కినా వృథాయే. చిన్న ఈగలు కొన్ని వందల మీటర్లు దాటి మేతకు పోవు.

అసలు నేలలో గూడు పెట్టే జాతులే ఎక్కువ. పీఠం చుట్టూ సిమెంటు పరిచే బదులు ఇసుక కలిసిన మట్టిని మోకాటి ఎత్తు దిబ్బగా పోసి, ఎండ తగిలేలా వదిలేయండి.

అమెరికా శిల్పి లిన్ హల్ ఎడారి రాళ్లలో, వన్యప్రాణులు తాగడానికి వాననీరు నిలిచేలా గుంటలు చెక్కారు. అలాంటిది చేయాలనుకుంటే గుంట లోతు 5 సెంటీమీటర్లు దాటనీయకండి, అంచులు గరుకుగా, వాలుగా ఉంచండి. నిట్రగా ఉంటే బల్లులు, ఈగలు మునిగిపోతాయి. నీళ్లు మూడు నాలుగు రోజులకోసారి మార్చకపోతే దోమలకు ఉపకారం చేసినట్టే. కాంక్రీటు తొట్టి అయితే సున్నం దిగేదాకా కొన్ని వారాలు నీళ్లు మారుస్తూ నానబెట్టాలి.

శిల్పంలో వాడే వస్తువులనూ చూసుకోవాలి: అద్దాలకు పిట్టలు గుద్దుకుంటాయి, నైలాన్ దారం వాటి కాళ్లకు చుట్టుకుంటుంది, రాత్రి దీపాలు చిమ్మటలను దారి తప్పిస్తాయి. ఇక వాగులో రాళ్లు ఏరి దొంతరలు పేర్చడాన్ని ప్రకృతి కళ అని ఎలా అంటారో అర్థం కాదు. జలకీటకాల పిల్లలు బతికేది ఆ రాళ్ల కిందే.

ఒక రుతువు గడిచాక ఏ వెడల్పు రంధ్రాలకు మట్టి, ఆకు, బంక మూతలు (ఈగలు గూడు పెట్టిన గుర్తులు) పడ్డాయో లెక్క రాసుకోండి. తర్వాతి శిల్పానికి ఏ డ్రిల్ బిట్లు కావాలో ఆ లెక్కే చెబుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు