ఫతేపూర్ సిక్రీ రాయికి సిమెంటు వద్దు: సంరక్షణ అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

1571లో అక్బర్ కట్టడం మొదలుపెట్టి, 1585లో విడిచి వెళ్లిన రాజధాని ఫతేపూర్ సిక్రీ. ఇన్నేళ్లూ దాన్ని నిలబెట్టింది అక్కడి గుట్టలోని ఎర్ర ఇసుకరాయి, సున్నం. పంచమహల్‌నే చూడండి. అయిదు అంతస్తుల్లో 84, 56, 20, 12, 4, మొత్తం 176 స్తంభాలు! స్తంభం మీద దూలం, దూలం మీద రాతి పలక, అచ్చం చెక్కపనిలాగే. దివాన్-ఎ-ఖాస్ అనే సభామందిరంలో నడిమి స్తంభం తల మీద 36 బ్రాకెట్లు (ముందుకు పొడుచుకొచ్చే రాతి ఆధారాలు) పూరేకుల్లా విచ్చుకుంటాయి.

ఈ రాయిది పొరల స్వభావం. అతుకుల్లో సిమెంటు కూరితే తేమకు దారి మూసుకుపోతుంది. అప్పుడు ఆ తేమ రాయిలోంచే బయటికొస్తూ ఉప్పును మోసుకొస్తుంది. ఉప్పు గడ్డకట్టి పైపొరను పెచ్చులుగా లేపేస్తుంది. అలా ముందుగా పోయేది చెక్కిన పువ్వే.

అందుకే మా విన్నపం. పాత సిమెంటును గ్రైండరుతో కాకుండా సన్న ఉలితో తీయించండి. సందు కడిగి, తడిపి, బాగా మాగిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు కలిపి నింపించండి. వారం రోజులు తడి గోనెపట్టా కప్పాలి, త్వరగా ఆరితే సున్నం పొడిపొడిగా రాలిపోతుంది. ఉప్పు తేలిన చోట స్వేదనజలంలో నానిన కాగితపు గుజ్జు పట్టించి, ఆరాక తీసి, ఉప్పు తగ్గేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. యాసిడ్ మాత్రం తాకనివ్వకండి. రాళ్లను కలిపి పట్టి ఉంచే, తుప్పుతో ఉబ్బే ఇనుప బందుల స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించండి.

వచ్చే టెండరులో ‘సిమెంటు పాయింటింగ్’ (రాళ్ల సందులను సిమెంటుతో నింపడం) అన్న మాట కనిపిస్తే దయచేసి కొట్టివేయండి.