సీసా మీద స్ట్రెయిన్ పేరు ఎందుకు లేదు?

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి 1500 మీటర్ల పరుగుకు ప్రాక్టీస్ చేస్తోంది. మొన్న తన కిట్ బ్యాగ్ సర్దుతుంటే ప్రోబయాటిక్ (ఒంటికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవుల) క్యాప్సూల్స్ సీసా కనబడింది. మెటబాలిజం, అంటే శరీరం శక్తిని ఖర్చు చేసే వేగం, పెరిగి కొవ్వు తగ్గుతుందని కోచ్ చెప్పారట, బ్యాచ్‌లో అందరూ వాడుతున్నారట. సీసాను తిప్పి తిప్పి చూశాను. ముందువైపు పెద్దక్షరాల్లో వెయ్యి కోట్ల సూక్ష్మజీవులని ఉంది. వెనక సన్నక్షరాల్లో లాక్టోబాసిల్లస్, బైఫిడోబాక్టీరియం అని రెండే పేర్లు. ఏ స్ట్రెయినో, అంటే ఒకే జాతిలోని ఏ ప్రత్యేక రకమో, ఊసే లేదు. ఆ వెయ్యి కోట్లూ తయారైన రోజు లెక్క. గడువు తీరేనాటికి ఎన్ని బతికుంటాయో రాయలేదు.

ఈ రెండు వివరాలూ లేబుల్ మీద ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణులు 2002లోనే సూచించారు. ఒక స్ట్రెయిన్ చేసే మేలు అదే జాతిలోని మరో స్ట్రెయిన్ చేస్తుందన్న హామీ లేదు. పేరు తెలియకపోతే ఏ పరిశోధన ఈ సీసాకు వర్తిస్తుందో డాక్టరైనా చెప్పలేరు.

ప్రోబయాటిక్స్ దండగ అని నేననను. శిక్షణ తీవ్రంగా సాగే రోజుల్లో క్రీడాకారులకు జలుబు, గొంతునొప్పి కొంత తగ్గుతాయనడానికి ఓ మోస్తరు ఆధారాలున్నాయని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2018లో చెప్పింది. మెటబాలిజం సంగతి వేరు. మారథాన్ రన్నర్ల పేగుల్లో పరుగు తర్వాత వెయ్లోనెల్లా అనే బాక్టీరియా పెరగడం గమనించిన శాస్త్రవేత్తలు దాన్ని ఎలుకలకు ఇస్తే, అవి 13 శాతం ఎక్కువసేపు పరిగెత్తాయి. పరుగులో కండరాల్లో పుట్టే లాక్టేట్ అనే పదార్థాన్ని అది ప్రొపియోనేట్ అనే మరో పదార్థంగా మారుస్తుందట. 2019లో ఇది చదివి ఎంత సంబరపడ్డానో! అయితే ఆ ఫలితం వచ్చింది ఎలుకల్లో, పైగా మా అమ్మాయి సీసాలో ఆ బాక్టీరియా లేనేలేదు.

నన్ను ఎక్కువగా భయపెట్టేది కొవ్వు తగ్గుతుందన్న మాట. పరుగు పందేల్లో ఉన్న ఆడపిల్లలు బరువు పెరుగుతామన్న టెన్షన్‌తో ముందే తిండి తగ్గించుకుంటారు. ఖర్చయ్యే శక్తికి సరిపడా తినకపోతే శరీరం పొదుపులో పడుతుంది: మెటబాలిజం మందగిస్తుంది, నెలసరి ఆగుతుంది, ఎముకలు బలహీనపడతాయి. ఒలింపిక్ కమిటీయే 2014లో ఈ స్థితికి రెడ్-ఎస్ (క్రీడల్లో శక్తి లోటు) అని పేరు పెట్టి హెచ్చరించింది. అలాంటి పిల్లకు కావలసింది కడుపునిండా తిండి. పేగుల్లోని మంచి బాక్టీరియాకు కూడా ఆ తిండిలోని పీచే ఆహారం.

స్ట్రెయిన్ పేరు, గడువు చివరి రోజు లెక్క లేని సీసాలను అమ్మనివ్వకూడదు. డాక్టరో, స్పోర్ట్స్ న్యూట్రిషనిస్టో చూడకుండా మైనర్లకు సప్లిమెంట్లు ఇవ్వవద్దని క్రీడా సంఘాలు కోచ్‌లకు రాతపూర్వకంగా చెప్పాలి. ఆ స్ట్రెయిన్ ఏదో తెలపమని తయారీదారుకు నేను రెండు ఉత్తరాలు రాశాను. ఇంతవరకు జవాబు రాలేదు.

— ఒక క్రీడాకారిణి తల్లి